మూసిన మెట్లు

"గునపం వాడిదే. అది వాడిదని ఊళ్ళో అందరికీ తెలుసు. ఇంక నీకెందుకు అంత ఆలోచన?" అన్నాడు నరసయ్య.

తెల్లారినప్పటి నుంచి సుబ్బరత్నంతో ఈ మాట ఎన్నిసార్లు అన్నాడో అతనికే తెలియదు. అంటూనే, చేతులకు అంటిన బొగ్గుతో నడిచే తన బస్సు మసిని గుడ్డపీలికతో తుడుచుకుంటున్నాడు. మాచర్ల సర్వీసును ఈ పూట ఇంకో డ్రైవరుకు అప్పగించి ఇంట్లో కూర్చున్నాడంటే అది పెళ్ళాం మీద ప్రేమ ఒక్కటే కాదు. పెళ్ళాం ఏం చేసి కూర్చుంటుందోనన్న భయం కూడా.

"మొహిద్దీన్ గోడ పగలగొట్టలేదని నేను అన్నానా?" అంది చివరికి.

"మరి ఆ ముక్కే హెడ్‌కానిస్టేబుల్‌కి చెప్పడానికి ఏంది అడ్డం?"

"పగలగొట్టాడని నాకు తెలిస్తేగా చెప్పడానికి."

ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీనీ అరుగు మీదికి లాక్కుని బ్రహ్మానందం కూర్చున్నాడు. నరసరావుపేటలో ప్లీడరు, లోకారోగ్య సమాజం పల్నాటి శాఖకు కార్యదర్శి. విసనకర్రతో విసురుకుంటూ మొగుడూ పెళ్ళాల తగవు ఎటు తేలుతుందా అని ఓపిగ్గా వింటున్నాడు. కోర్టులో కూడా అంతే, తనకు కావలసిన మాట అవతలివాళ్ళ నోట వచ్చేదాకా ఆయనకు తొందరేమీ ఉండదు.

"అమ్మా," అన్నాడు గొంతు సవరించుకుని, "మధ్యాహ్నానికి లాంగ్‌డన్ దొర దిగుతాడు. వార్నర్ దొరసాని వెళ్ళిపోయాక మన శాఖకు తల లేకుండా పోయింది. ఆ స్థానంలో మిమ్మల్ని పెట్టాలా, శాఖనే ఎత్తేసి మద్రాసు వాళ్ళ కింద కలిపేయాలా, అది తేల్చడానికే లండన్ కమిటీ ఆయన్ని పంపింది. దిగీ దిగగానే పగిలిన గోడ చూస్తే ఏమంటాడు? సొంత ఊళ్ళో ఒక్క గోడ నిలబెట్టుకోలేకపోయింది, పల్నాడంతా ఏం చూస్తుంది అంటాడు. అదే దొంగ దొరికాడనుకోండి, కథే వేరు. అల్లరిమూక అడ్డం పడింది, కాబోయే అధ్యక్షురాలు గట్టిగా నిలబడి పట్టించింది. ఎంత బాగుంటుంది వినడానికి?"

"వినడానికి బాగానే ఉంటుంది," అంది సుబ్బరత్నం.

రాళ్ళపాడు దిగుడుబావికి ఉగాది వెళ్ళాక సమాజం తరఫున మెట్లు మూయించింది ఆమే. మెట్ల తల దగ్గర నడుమెత్తు రాతిగోడ కట్టించి, పైన గిలక బిగించి, ఇంక ఎవరూ నీళ్ళలోకి దిగక్కర్లేకుండా చేసింది. ఎందుకంటే ఈ మెట్ట ఊళ్ళలో నారికురుపు పుట్టేది ఆ మెట్ల మీదనే. పురుగు కాలి తోలు కింద దారంలా పెరిగి, పొక్కు చేసి, దాన్ని చీల్చుకుని బయటికి వస్తుంది. ఆ కాలితో మనిషి నీళ్ళలో నిలబడితే పురుగు ఆ నీళ్ళలోనే పిల్లలు పెడుతుంది. ఆ నీళ్ళు తాగినవాళ్ళకు మళ్ళీ వచ్చే వేసవికి నారి లేస్తుంది. ఈ సంగతి చెప్పీ చెప్పీ ఆమె గొంతు అరిగిపోయింది. జనం ఆమెను బావులమ్మ అని పిలవడం మొదలుపెట్టారు కానీ, వినడం మాత్రం ఇంకా పూర్తిగా మొదలుపెట్టలేదు.

మొన్న మిట్టమధ్యాహ్నం, ఎండకు కుక్కలు కూడా బయటికి రాని వేళ, ఎవరో ఆ గోడను ఒక మనిషి దూరేటంత మేర విప్పేశారు. పక్కన గులాం మొహిద్దీన్ గునపం దొరికింది. గోడ కట్టిన మేస్త్రీ అతనే. తీసిన రాళ్ళు బావిలో పడకుండా ఓ పక్కన ఒబ్బిడిగా పేర్చి ఉన్నాయి. రాతిపని తెలిసిన చెయ్యేనని హెడ్‌కానిస్టేబుల్ అక్కడికక్కడే తీర్మానించాడు. కట్టినవాడే ఎందుకు విప్పుతాడని ఒక్కడూ అడగలేదు. కృష్ణకు అవతల రజాకార్ల గొడవ మొదలైనప్పటి నుంచి, ఈ ఒడ్డున ఏది విరిగినా ముందు సాయిబుల వీధి వైపు చూడడం మనవాళ్ళకు అలవాటైపోయింది. స్వరాజ్యం వచ్చి ఏడాది నిండలేదు, అప్పుడే ఈ కొత్త అలవాటు.

"గోడ ఎందుకు పగిలిందో నాకు తెలుసు బ్రహ్మానందంగారూ," అంది సుబ్బరత్నం. "ఊరంతటికీ ఒకే బకెట్టు వద్దు, ఎవరి చేద వాళ్ళని తెచ్చుకోనివ్వండి అని లండన్‌కి రాశాను. ఒకసారి కాదు. ఒకే బకెట్టు అయితే సోదరభావం పెరుగుతుందని జవాబిచ్చారు. ఆ సోదరభావమేదో ముందు వాళ్ళ ఊళ్ళో పెంచుకుని చూడొచ్చుగా. ఇక్కడ ఒక వీధి ముట్టిన బకెట్టు ఇంకో వీధి ముట్టదు. ఎవడికో కడుపు మండి గోడ మీద చూపించాడు. అంతే."

"ఆ మంట ఆర్పడానికే గదమ్మా ఇవాళ ఏర్పాటు చేసింది. దొర స్వయంగా బకెట్టు తోడతాడు. మొదటి గ్లాసు మీరు తాగుతారు, తర్వాత అన్ని వీధులవాళ్ళూ తాగుతారు. దాంతో బకెట్టు గొడవ సమసిపోతుంది. ఇటు మీరు హెడ్డుకి ఒక్క మాట చెబితే, గోడ గొడవా సమసిపోతుంది."

ఈ పెద్దమనిషికి అన్నీ సమసిపోతాయి. సుబ్బరత్నానికి ఒళ్ళు మండింది. ఏదో అనబోయి, వాకిట్లోకి వస్తున్న బీబీని చూసి ఆగిపోయింది.

బీబీ మొహిద్దీన్ భార్య. ఏడుపు ఎప్పుడో అయిపోయిన మొహంతో వచ్చి అరుగు కింద నిలబడింది.

"అక్కా, ఆయన్ని బావి దగ్గరికి తీసుకొస్తారంట. దొర ముందు నిలబెడతారంట."

"ఎవరికిచ్చాడు బీబీ ఆ గునపం? ఆ పేరొక్కటి చెప్పమను."

"అడగలేదనుకున్నావా? ఎవరో అడిగితే ఇచ్చానంటాడు. ఎవరయ్యా అంటే తలకాయ దించుకుంటాడు. హెడ్డు కొట్టినా అంతే. పోయినేడు మా గుమ్మానికి తారు గుర్తు పెట్టిపోయావే, అప్పుడు కూడా నేను నిన్నొక మాట అనలేదు. నీళ్ళకు పోతే ఆడోళ్ళు పక్కకు తప్పుకునేవాళ్ళు. అయినా అనలా. ఇప్పుడు అడుగుతున్నా. ఆయన చెయ్యలేదని నువ్వు చెప్పవా?"

తారు గుర్తు సుబ్బరత్నం ఆలోచనే. నారి లేచిన ఇంటి గుమ్మానికి తారుతో అడ్డగీత పెట్టిస్తే, ఆ ఇంటివాళ్ళు బావిలో దిగకుండా ఊరే కాపలా కాస్తుందని. లండన్ దాన్ని మెచ్చుకుని మిగతా శాఖలకు కూడా రాసింది. ఉగాది తర్వాత కొత్త గుర్తు పెట్టాల్సిన అవసరమే రావడం లేదని ఆమె కిందటి నెల సంతోషంగా జవాబు కూడా పంపింది.

"చెయ్యలేదని నేను మాత్రం ఎట్టా చెప్పనే? నేను చూశానా?" అంది. ఆ మాట నరసయ్యకు చెప్పిన మాట లాంటిదేనని ఆమెకే తోచి సిగ్గేసింది.

లోపలి నుంచి అత్త రోశమ్మ గొంతు వినిపించింది. "ఏడవమాక బీబీ. మీ ఆయనకేం కాదు. నేనున్నాగా."

ఆ తర్వాత ముసలామె మంచం దిగి, గోడ పట్టుకుని పెరటి వైపు నడిచింది. చీర కుచ్చెళ్ళు నేల ఊడుస్తున్నాయి.

"పెద్దమ్మ ఏంది అట్టా నడుస్తుంది?" అంది బీబీ.

"మోకాళ్ళ నొప్పులు," అన్నాడు నరసయ్య, ఎవరూ తనని అడగకముందే.

సుబ్బరత్నం మొగుడి వైపు చూసింది. అతను మసిగుడ్డ వైపు చూశాడు. మోకాళ్ళ నొప్పుల మనిషి మెట్టు దిగడానికి భయపడుతుంది. ఈమె మడమ ఆనించడానికి భయపడుతోంది. అలాంటి నడక సుబ్బరత్నం పల్నాడంతా చూసింది. గురజాలలో చూసింది, ముప్పాళ్ళలో చూసింది. తన ఇంట్లో ఎన్నాళ్ళ నుంచి నడుస్తోందో చూడలేదు.

ఆమె కూడా వెనకే పెరట్లోకి వెళ్ళింది. రోశమ్మ కుడితితొట్టి గట్టు మీద కూర్చుంది. ఎడమ కాలు తొట్టిలో ఉంది. కళ్ళు మూసుకుంది.

"అత్తా, కాలు తియ్యి."

"చల్లగా ఉందే. కాసేపు ఉండనీ."

"తియ్యమన్నానా."

రోశమ్మ కాలు బయటికి తీసింది. చీలమండ పక్కన పొక్కు చితికి ఉంది. అందులోంచి తెల్లటి దారపు కొస వేలాడుతోంది. పొక్కు మీద మందుగా కట్టిన ఆముదపాకు తడికి జారిపోయింది. ఊళ్ళో వాళ్ళ కాళ్ళన్నీ ఒళ్ళో పెట్టుకుని చూసిన సుబ్బరత్నం ఆ కాలి ముందు చతికిలబడింది. ఆమెకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

"గోడ నువ్వే విప్పావు."

"విప్పాను. వయసులో కొండనే కొట్టినదాన్ని, అదొక గోడా? అంతకుముందు పొద్దుగూకే వేళకి పోయి మెట్ల మీద నిలబడితే మంట నిమ్మళించేది. నువ్వు మెట్లు మూయించావు. బిందెడు నీళ్ళు పోసుకుంటే ఆరే మంటా ఇది? నిప్పుల మీద కాలు పెట్టినట్టుంటది. ఎన్నాళ్ళు ఓర్చుకోను?"

"నాకు చెప్పొచ్చుగా."

"చెప్తే ఏం చేసేదానివి?"

సుబ్బరత్నం జారిన ఆకును తీసి పక్కన పడేసింది.

"చెప్పవే. తారు డబ్బా తెచ్చి మన గుమ్మానికి గీత పెట్టేదానివా, కాదా?"

"పెట్టేదాన్ని."

"అందుకే చెప్పలా. బావులమ్మ గుమ్మానికే తారు పడిందని ఊరంతా నవ్వదూ? ఆ పైన నీ మాట ఎవరు వింటారు? నీ కోసమే దాచుకున్నానే, నా కోసం కాదు."

"నీళ్ళలో దిగకూడదని నీకు తెలవదా అత్తా? నేను రోజూ చెప్పేది వినలేదా?"

"విన్నాను. చెప్పేవాళ్ళకు కాలు మండదు గదా," అంది రోశమ్మ. ఆ పైన గొంతు తగ్గించింది. "మొహిద్దీన్‌ని గునపం అడిగితే ఎందుకమ్మా అని కూడా అడగలా. క్వారీలో నా చేతి కింద పని నేర్చుకున్నోడు. వాడు చెప్పడు, చచ్చినా చెప్పడు. నేనే పోయి హెడ్డుకి చెప్తానంటే నా కొడుకు గడియ పెడతానంటున్నాడు."

నరసయ్య పెరటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో ఇద్దరూ గమనించలేదు.

"నీకెప్పుడు తెలుసు?" అంది సుబ్బరత్నం.

"నిన్న."

"నిన్న తెలిసి, పొద్దున్నుంచి నన్ను హెడ్డు దగ్గరికి తరుముతున్నావా?"

అతను గుమ్మం దిగి తొట్టి దాకా వచ్చాడు. తొట్టి దగ్గర ఈగలు ముసురుతున్నాయి. వీధిలో ఎవరో దొరగారి కారు కోసం కుక్కలను అదిలిస్తున్నారు.

"విను," అన్నాడు నెమ్మదిగా. "నేనేం పాపాత్ముణ్ణి కాదు. ఈ ఒక్కపూట నోరు మూసుకో. రేపు నువ్వే పెద్దవి. పెద్దవయ్యాక మొహిద్దీన్‌ని విడిపించు. బావి మూయించు, ఇంకోటి తవ్వించు. నిన్ను అడ్డేవాడు ఉండడు. ఇప్పుడు నోరు తెరిచావా, శాఖ మద్రాసుకి పోద్ది. ఆ మద్రాసాయన రాళ్ళపాడు ఎటు పక్కనుందో ఎరుగునా? మళ్ళీ ఈ బావుల మొహం చూసే దిక్కు ఉంటదా?"

మూర్ఖుడి మాట అయితే కొట్టిపారేయవచ్చు. చిక్కేమిటంటే నరసయ్య చెప్పినదంతా జరిగేదే. ఆమె నెలల తరబడి లండన్‌తో పోట్లాడింది ఆ అధికారం కోసమే. అది చేతికొస్తే ఒకే బకెట్టు ఉండదు, దొరల సోదరభావం ఉండదు, ఏ ఊరికి ఏది కావాలో ఆ ఊరివాళ్ళనే అడగవచ్చు. ఇదంతా ఒక్కపూట మౌనానికి అటువైపున ఉంది.

"మరి ఈ పూట ఆ నీళ్ళు తాగేవాళ్ళు?" అంది.

"మొన్నటి నుంచి తాగడంలా? ఇంకొక్క పూట."

ఆమె లోపలికి వెళ్ళింది. పుల్ల తెచ్చి, రోజుకో చుట్టు మాత్రమే బయటికి లాగాలి కనుక నారి కొసను దానికి ఒక్క చుట్టే చుట్టి, తెగకుండా గుడ్డతో బిగించి కట్టింది. రోశమ్మ కోడలి భుజం గట్టిగా పట్టుకుని, పళ్ళు బిగించి ఓర్చుకుంది. మూలగలేదు.

"మళ్ళీ తొట్టిలో పెట్టమాక," అంది సుబ్బరత్నం లేస్తూ.

"నువ్వు ఏం చెప్తావు అక్కడ?"

"నాకు తెలవదు అత్తా."

అది అబద్ధం కాదు. బావి దాకా నడిచినంతసేపూ ఆమెకు నిజంగానే తెలియదు.

బావి దగ్గర ఊరంతా ఉంది, కానీ ఏ వీధికి ఆ వీధి విడివిడిగా. ఆడవాళ్ళు గచ్చు మీద, మగవాళ్ళు చింతచెట్ల వైపు. పగిలిన గోడ పక్కన మొహిద్దీన్‌ని నిలబెట్టి, హెడ్‌కానిస్టేబుల్ అతని భుజం మీద చెయ్యి వేసి ఉన్నాడు. బీబీ చెంగు నోట్లో కుక్కుకుంది. లాంగ్‌డన్ దొర పొడుగాటి మనిషి. చెమట కారుతున్నా టోపీ తీయకుండా, అందరికీ నమస్కారం పెడుతున్నాడు. మంచివాడిలాగానే ఉన్నాడు. అతను చెడ్డవాడైతే ఎంత బాగుండేదో అని సుబ్బరత్నానికి అనిపించింది.

దొర ఇంగ్లీషులో మాట్లాడాడు. బ్రహ్మానందం తెలుగులో చెప్పాడు. అర్థం ఇదీ: ఈ ఊళ్ళో ఉగాది తర్వాత ఒక్క గుమ్మానికీ కొత్తగా తారు గుర్తు పడలేదంట. ఇంత తొందరగా నారి తగ్గిన ఊరు సమాజం పనిచేసే ఏ దేశంలోనూ లేదంట. దీనికి కారకురాలైన మనిషి చేతుల్లో ఈ శాఖను పెట్టడానికి తనకు ఎలాంటి సందేహమూ లేదంట.

తర్వాత గిలక కీచుమంది. దొర స్వయంగా బకెట్టు తోడాడు. ఇత్తడి గ్లాసు ముంచి, రెండు చేతులతో సుబ్బరత్నానికి అందించాడు.

నీళ్ళు తేటగా ఉన్నాయి. అదే ఈ జబ్బుతో వచ్చిన కర్మ, నీళ్ళు ఎప్పుడూ తేటగానే ఉంటాయి.

ఆమె గ్లాసు పట్టుకుని నిలబడిపోయింది. బ్రహ్మానందం తల ఊపాడు, కానివ్వండి అన్నట్టు. నరసయ్య చేతులు జోడించలేదు గానీ మొహం బతిమాలుతున్నట్టే ఉంది. మొహిద్దీన్ ఒకసారి ఆమె వైపు చూసి నేల చూపులు చూశాడు. అతనికి తెలుసు. ఆమెకు తెలిసిందని కూడా ఆ చూపుతో అతనికి తెలిసిపోయింది. అయినా నోరు తెరవలేదు.

సుబ్బరత్నం గ్లాసు వంచి నీళ్ళు నేల మీద పారబోసింది.

గచ్చు మీద గుసగుసలు లేచాయి. "చూశారా, ఆమే తాగలా. అందరూ ముట్టే బకెట్టు గదా," అంది ఎవరో సాయిబుల వీధి వైపు నుంచి.

"బకెట్టు సంగతి కాదు," అంది సుబ్బరత్నం. "ఈ నీళ్ళు ఇంక ఎవరూ తాగొద్దు. నారికురుపు కాలు ఇందులో దిగింది. గోడ విప్పింది మొహిద్దీన్ కాదు, మా అత్త రోశమ్మ. ఆ కాలు మా ఇంటిదే."

బ్రహ్మానందం ఏదో మెత్తగా తర్జుమా చెయ్యబోయాడు. ఆయనకు ఆ శ్రమ ఇవ్వకుండా ఆమే దొరకు ఇంగ్లీషులో చెప్పేసింది.

దొర టోపీ తీశాడు.

"మీ ఇంట్లో మనిషి కాలు మీరు చూడలేదా?" అన్నాడు.

ఎత్తిపొడుపు కాదది. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. అందుకే ఆమెకు ఎక్కువ తగిలింది.

"చూడలేదు," అంది.

"అయితే ఆ ముసలమ్మనే స్టేషన్‌కి పంపండి," అన్నాడు హెడ్డు. మొహిద్దీన్ భుజం మీంచి మాత్రం ఇంకా చెయ్యి తీయలేదు.

గచ్చు మీది ఆడవాళ్ళలోంచి షంషాద్ రెండడుగులు ముందుకు వచ్చింది. పోయినేడు తారు పడిన గుమ్మాల్లో ఆమెదీ ఒకటి.

"తారు డబ్బా తెప్పించక్కా," అంది. "మాకు పూసినట్టే, మీ గుమ్మానికీ పుయ్యి. అందరం చూస్తాం."

ఎవరో నవ్వబోయి మానేశారు.

"పూస్తాను," అంది సుబ్బరత్నం. "ఈ పూటే పూస్తాను. నీళ్ళ సంగతి కూడా ఈ పూటే చూద్దాం. ఇంకెవరింట్లోనైనా నారి లేచి ఉంటే ఇప్పుడే చెప్పండి. ఇంకెవరైనా ఉన్నారా?"

ఒక్కరూ మాట్లాడలేదు. దొర ఆమె మొహం వైపు చూస్తున్నాడు. బ్రహ్మానందం గడియారం చూసుకుంటున్నాడు.

ఆమె ఆడవాళ్ళ మొహాలు చూడడం మానేసి వాళ్ళ పాదాలు చూసింది. పొలాలకు పోయే ఆడవాళ్ళు, రాళ్ళు మోసే ఆడవాళ్ళు, ఏడాది పొడుగునా చీర పిక్కల దాకా ఎగదోపుకుని తిరిగేవాళ్ళు. ఇవాళ వాళ్ళలో చాలామంది చీరలు నేలను తాకుతున్నాయి. ఒకామె అంచు కింద ఆముదపాకు మొన కనబడుతోంది.

సుబ్బరత్నం చూపు ఎక్కడ ఆగిందో వాళ్ళు గ్రహించారు. ఒకరి వెనక ఒకరుగా, ఏమీ తెలియనట్టు, కుచ్చెళ్ళు ఇంకొంచెం కిందికి లాక్కున్నారు.